ఒక్క జిరాక్స్!

కొన్ని వస్తువులు మన డబ్బుతో కొన్నా మన ఒక్కరివీ కావు. నిచ్చెన అలాంటిది. ఆవకాయ రోజుల్లో కాయలు కొట్టే కత్తిపీట అలాంటిది. 1980ల్లో ఫోనున్న ఇల్లు మీకు గుర్తుండే ఉంటుంది. వీధిలో సగం మందికి పెళ్ళి కబురైనా చావు కబురైనా ఆ ఇంటి వరండాలోకే వచ్చేది. పక్కింటి నంబరు వేసుకుని, దాని పక్కన "పి.పి." అని రాసుకుని మర్యాదగా బతికేశాం. ఇప్పుడా పదవి ప్రింటరుకి దక్కింది.

అచ్చూ, నకలూ, స్కానింగూ మూడూ చేసే మిషనొకటి ఇంట్లోకి కావాలని మా అమ్మాయి పోరు పెట్టింది. అది ఇంక్‌జెట్ అంది, రంగుల బొమ్మల కోసం. మావారు లేజర్ అన్నారు. ఇద్దరూ కలిసి తీర్పు నన్ను చెప్పమన్నారు. వంటింట్లో ఉన్నవాళ్ళకి తీర్పులు చెప్పే తీరిక ఎక్కువని మగవాళ్ళ నమ్మకం కదా!

విషయం వంటింటి భాషలోనే నాకు బోధపడింది. లేజర్‌లో తడి ఉండదు, ఉండేది సన్నటి పొడి, మన కారప్పొడి లాంటిది. విద్యుదాకర్షణతో ఆ పొడి అక్షరాల ఆకారంలో కాగితానికి అంటుకుంటే, వేడి రోలరు దాన్ని కరిగించి అతికిస్తుంది. తడి చేత్తో ముట్టుకున్నా చెదరదు. ఇంక్‌జెట్‌లో ఉండేది తడి సిరా. వెంట్రుకకంటే సన్నని రంధ్రాల్లోంచి చుక్కలు చుక్కలుగా చిమ్ముతుంది. కారం ఏడాదంతా జాడీలో కూర్చుంటుంది, రోటిపచ్చడి కూర్చుంటుందా? తడి సిరా కూడా అంతే. నెల్లాళ్ళు వాడకపోతే రంధ్రాల్లో ఎండి కూర్చుంటుంది. వాటిని కడుక్కోవడానికి మిషను మళ్ళీ మన సిరానే తాగుతుంది.

పైగా చిన్న కార్ట్రిడ్జి ఇంక్‌జెట్‌లలో మిషను చవక, సిరా ప్రియం. పత్తి వేసే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఈ వ్యాపారం కొత్తది కాదు. హైబ్రిడ్ విత్తనం వచ్చాక ఇంట్లో దాచుకున్న గింజ పనికిరాకుండా పోయింది, ఏటా కొట్టుకి వెళ్ళాల్సిందే. 2010 నుంచి సీసాతో సిరా పోసుకునే ట్యాంకు రకాలు వచ్చి ఆ పోటు తగ్గించిన మాట నిజమే. కానీ వాటినీ ఊరికే ఉంచకూడదు. లేజర్‌కీ వంకలున్నాయి. ఇళ్ళలో కొనేది ఎక్కువగా నలుపు ఒక్కటే వేస్తుంది. వేడి పుట్టించడానికి కరెంటు బాగా లాగుతుంది, మే నెల కోతల్లో మామూలు ఇన్వర్టరు మీద దాన్ని నడపలేం.

ఇంతవరకు కొట్టువాడూ చెబుతాడు. వాడు చెప్పనిది, "పిన్నిగారూ, ఒక్క జిరాక్స్ తీసిపెడతారా?" అంటూ గేటు దగ్గర నిలబడే మనిషి సంగతి.

మాది పర్చూరు పక్క పల్లె. ఊరు ఉన్నచోటే ఉంది గానీ, జిల్లాలు మారాయి. మొదట గుంటూరు, 1970లో ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం పేరు, 2022లో బాపట్ల. మారినప్పుడల్లా కొత్త కాగితాలు! పత్తి సి.సి.ఐ. కేంద్రానికి తోలాలంటే పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం కావాలి. కౌలుకార్డుకి ఇంకో కట్ట. జిరాక్స్ కొట్టువాడు పుచ్చుకునేది రెండు మూడు రూపాయలే. కానీ మిరపకోతల రోజుల్లో ఆ కాగితం కోసం బజారుకి వెళ్ళివస్తే ఆటో ఖర్చుతోపాటు పూట కూలీ పోతుంది. కాబట్టి ఆవిడకి ఆ కాగితం ఖరీదు రెండు రూపాయలు కాదు.

పేజీకింత అని గుండెల్లో గుచ్చుకునే మిషను ఇంట్లో ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. నేనెరిగిన ఒకింట్లో "ఇంకు అయిపోయిందమ్మా" అనే మాట ఏడాది పొడుగునా చెప్పారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. సిరా ప్రియం, అంతే. లేజర్‌లో పొడి మళ్ళీ నింపించుకుంటే పేజీకి పడేది రూపాయిలోపే.

ఈ లెక్క చెబితే మా అమ్మాయి, "అంటే అమ్మా, మనం మంచివాళ్ళమా కాదా అన్నది మిషను రేటుని బట్టా? అర్ధరూపాయి పుణ్యం కూడా పుణ్యమేనా?" అంది. పదో తరగతి పిల్ల అడగాల్సిన ప్రశ్నేనా ఇది! రెండు రోజులు నాకు తోచలేదు.

ఈ పొడి విద్యని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ సంగతి చూడండి. న్యూయార్కులో పేటెంట్ల ఆఫీసు పని చేస్తూ, కీళ్ళనొప్పులతో నకళ్ళు రాసుకోలేక వేరే దారి వెతికాడాయన. 1938 అక్టోబరు 22న ఆస్టోరియాలో ఓ అద్దెగదిలో మొదటి నకలు తీశాడు. దాని మీద తేదీ, ఆ పేట పేరు తప్ప ఇంకేం లేవు. ఎన్నో కంపెనీలు పొమ్మన్నాయి. 1959లో జిరాక్స్ 914 వచ్చాకే సిరి పట్టింది. 1968లో పోయేలోగా ఆ సంపాదనలో ఎక్కువ భాగం పంచిపెట్టేశాడు, చాలామటుకు తన పేరు బయటికి రానివ్వకుండా. ఆయన పుణ్యం కోట్ల డాలర్లది, నాది అర్ధరూపాయిది. పోలికే లేదు. కానీ పేరు బయటికి రానివ్వకపోవడం దగ్గర ఆగిపోయాను.

ఎందుకంటే నకలు తీసేవాళ్ళు కాగితం చూస్తారు. బంగారం తాకట్టు చీటీ, బ్యాంకు నోటీసు, కోర్టు కాగితం, ఆస్పత్రి రిపోర్టు అన్నీ మన గాజు పలక మీదే బోర్లా పడుకుంటాయి. మధ్యాహ్నం కునుకు మానుకుని లేవడం ఒక ఖర్చు. చూసింది సాయంత్రం అరుగు మీద చెప్పకుండా మింగడం, మనలో మాట, అంతకంటే పెద్ద ఖర్చు. పొడి ఎంత చవకైనా ఈ రెండూ చవక కావు. మా అమ్మాయికి అదే చెప్పాను. ఒప్పుకుందో లేదో తెలియదు, వాదించలేదు.

డబ్బులు పుచ్చుకోవాలా అన్నదింకో తగువు. మావారు నామోషీ అంటారు. నేను పుచ్చుకోవాలనే అంటాను. ఊరికే తీసిస్తే రెండోసారి గోంగూర కట్ట పట్టుకొస్తారు, మూడోసారి మొహమాటపడి బజారుకే పోతారు. ఫోను పక్కన చిల్లర డబ్బా పెట్టిన ఇళ్ళకి జనం నిర్భయంగా వచ్చేవారు కదా!

చివరికి లేజర్‌దే తెచ్చుకున్నాం. రంగుల బొమ్మలు కావలసినప్పుడు మా అమ్మాయి బజారుకి వెళ్ళి వేయించుకొస్తోంది. దానికి సైకిలుంది.