కాఠిన్యం గుణమా, కూర్పా?

భారతీయ దర్శనాల్లో న్యాయ, వైశేషికాలను అనుసరించే నైయాయికులు, వైశేషికులు లెక్కించిన 24 గుణాల్లో గట్టిదనం, మెత్తదనం లేవు. ఎందుకు లేవన్న ప్రశ్నను 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు, తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఎత్తుకున్నాడు. అవి వేరే గుణాలు కావు, అవయవాలు (వస్తువులోని భాగాలు) ఒకదానితో ఒకటి కలిసే తీరులోని విశేషాలు మాత్రమేనన్నది ఆయన సమాధానం.

ఈ మాటకు అల్యూమినియం కడ్డీని మించిన దృష్టాంతం దొరకడం కష్టం. 1970లలో సోవియట్ యూనియన్‌లోని మిన్‌స్క్‌లో వ్లాదిమిర్ సెగల్, ఆయన సహచరులు ఒక పద్ధతి రూపొందించారు. ఉక్కు దిమ్మెలో మోచేయిలా వంగిన కాలువ ఉంటుంది. మలుపుకు ఇవతలా అవతలా దాని వెడల్పు ఒకటే. కడ్డీని పైనుంచి బలంగా నొక్కితే మలుపు దగ్గర లోహం పొరలు పొరలుగా జారి పక్కకు తిరిగి బయటికొస్తుంది. లావు తగ్గదు కనుక దాన్ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ మళ్లీ దూర్చవచ్చు. 3 శాతం మెగ్నీషియం కలిసిన అల్యూమినియంలో ఇలా స్ఫటిక రేణువులు మైక్రాన్‌లో మూడో వంతు కన్నా చిన్నవవుతాయి. రేణువుల సరిహద్దులు పొలం గట్ల లాంటివి. లోహం వంగడానికి కారణమైన డిస్లొకేషన్లు (పరమాణు వరుసల్లోని లోపాలు) కదులుతూ వచ్చి అక్కడ ఆగిపోతాయి. హాల్-పెచ్ సూత్రం ప్రకారం రేణువు 100 రెట్లు చిన్నదైతే ఆ గట్ల వల్ల వచ్చే బలం 10 రెట్లవుతుంది. కొత్త ధాతువేదీ కలవలేదు, తూకం మారలేదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అవయవాల సంయోగం నశిస్తే అవయవి, అంటే వాటితో ఏర్పడిన మొత్తం వస్తువు, కూడా నశిస్తుందని న్యాయమతం. మరి బయటికొచ్చింది లోపలికెళ్లిన కడ్డీయేనా? కుండ కాల్పు మీద జరిగిన వాదం ఇలాంటిదే. పచ్చికుండ నిప్పుల్లో పరమాణువులుగా విడిపోయి, రంగు మారి, తిరిగి కూడుతుందన్నది వైశేషికుల పీలుపాకం. కుండ కుండగానే ఉండి ఎర్రబడుతుందన్నది నైయాయికుల పిఠరపాకం. బంగారం వంటి లోహాన్ని ఈ రెండు పక్షాలవాళ్లూ తేజస్సులో (అగ్ని ద్రవ్యంలో) చేర్చారు, పాకం, అంటే నిప్పు వల్ల గుణాలు మారడం, పృథివికి (మట్టి ద్రవ్యానికి) సంబంధించింది. కాబట్టి ఆ వాదం కడ్డీకి నేరుగా వర్తించదు. ప్రశ్న మాత్రం వర్తిస్తుంది.

కడ్డీ విషయంలో నైయాయికుల పక్షమే బలంగా కనిపిస్తుంది. డిస్లొకేషన్ కదిలేటప్పుడు ఒక పరమాణు వరుస పాత పొరుగును వదిలి పక్కదాన్ని పట్టుకుంటుంది, ఆ తర్వాత మరో వరుస. కడ్డీ మొత్తం విడిపోయిన క్షణమంటూ ఉండదు. రేణువుల సంగతి వేరు: పాతది చీలికలై, ఆ చోట ఎన్నో కొత్తవి నిలుస్తాయి. అవయవాలు పోయినా అవయవి నిలిచిందని ఒప్పుకోవడం నైయాయికులకూ సులువు కాదు.

అన్నంభట్టు మాటకు ఇంకో ఆధారాన్ని నిప్పే ఇస్తుంది. కుండను గట్టిపరిచే నిప్పు ఈ కడ్డీని మెత్తబరుస్తుంది. తగినంత కాచితే రేణువులు పెరిగి, గట్లు తగ్గి, వచ్చిన బలం చాలావరకు పోతుంది. అప్పుడు కూడా తూకం అదే, ధాతువులవే.