అనుమానం ముందు ఎవరి మీద?

జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ళు ఎత్తుకున్న లారీ మిట్ట ఎక్కనని మొరాయిస్తే దానికి పది కారణాలు ఉండొచ్చు. ప్రొద్దుటూరులో అనుభవమున్న డీజిల్ మేస్త్రీ ఎవరైనా పానా పట్టకముందే మూడు ప్రశ్నలు అడుగుతాడు. పొగ వస్తోందా? ఏ రంగు? లోడు మీదేనా, ఖాళీగా పోయేటప్పుడు కూడానా? నల్లపొగ అంటే ఉన్న గాలికి మించి డీజిల్ పడుతోంది. తెల్లపొగ అంటే డీజిల్ సరిగా మండకుండానే బయటికి పోతోంది. నీలంపొగ అయితే ఇంజన్ ఆయిలు కాలుతోంది. పొగ లేకుండా బలం మాత్రమే తగ్గిందంటే డీజిల్ అందడం లేదేమో చూడాలి.

పొగను చూసి నిప్పును తెలుసుకోవడం మన తర్కశాస్త్రంలో పాత ఉదాహరణ. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో దాన్నే పట్టుకుని అనుమానం అంటే ఏమిటో వివరించాడు. అక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది. పొగ ఉంటే నిప్పు ఉందనొచ్చు గానీ నిప్పు ఉంటే పొగ ఉంటుందనకూడదు. ఎర్రగా కాలిన ఇనుపగుండుకు పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడవాలి. మన లెక్కలోకి రాకుండా పక్కన నిలబడిన ఆ పచ్చికట్టె లాంటి షరతుకే ‘ఉపాధి’ అని పేరు పెట్టారు.

మార్పులు చేసిన లారీ ఇంజన్ నిండా ఇలాంటి ఉపాధులే.

పాత ఇన్‌లైన్ పంపునే తీసుకోండి. మైకో కంపెనీ పేరు 2008లో బాష్ లిమిటెడ్‌గా మారినా చాలామందికి అది ఇంకా మైకో పంపే. దాంట్లో ప్లంజర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉంటే గొప్ప. బెంచి మీద ఒక్కో సిలిండర్‌కు పోయే డీజిల్‌ను గాజు గొట్టాల్లో కొలిచి, అంతకు మించి పోకుండా ఆపే స్క్రూకు సీలు వేస్తారు. ఆ సీలును ఎవరో ఒకరు తెంచుతారు. లోడు పెరిగింది, బండి లాగాలి. స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతారు. ఇంకొకరు టర్బో ఎక్కిస్తారు. మరొకరు రెండో ట్యాంకు బిగిస్తారు. ఒక్కోటీ ఒక్కో షెడ్డులో, ఒక్కో ఏడాది. ఎవరి కారణం వాళ్ళకుంది. బండి చేతులు మారుతుంది గానీ ఆ సంగతి చేతులు మారదు.

కొన్నేళ్ళ తర్వాత బండి ఇంకో మేస్త్రీ దగ్గరికి వస్తుంది. పొగ లేదు, లాగడం లేదు. మామూలు బండిలో అయితే ముందు ఫిల్టరు పూడిందేమో అనుకోవాలి. ఫిల్టర్లు మారుస్తాడు, తగ్గదు. అసలు సంగతేమంటే పెంచిన పంపు అడిగినంత డీజిల్‌ను పాత ఫీడ్ పంపు తోడి పోయలేకపోతోంది. చదును రోడ్డు మీద సరిపోతుంది, మిట్ట మీద చాలదు. ఇది తెలియని మేస్త్రీ స్క్రూ ఇంకొంచెం తిప్పుతాడు. నీళ్ళు రాని కుళాయిని ఎంత తిప్పితే ఏం లాభం? ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో గీటురాయి మీద నగను గీసినా, పక్కన నాణ్యం తెలిసిన బంగారం గీత ఒకటి ఉండాలి. అది లేకపోతే రాయి ఏమీ చెప్పదు. సీలు తెగిన పంపుకు ఆ రెండో గీత లేదు.

ఇక్కడిదాకా ఇది ఇంజన్ సంగతి. మైలేజీ తగ్గిందనగానే మనిషి సంగతి అవుతుంది. శాస్త్రంలో అనుమానం అంటే గుర్తును బట్టి తెలుసుకోవడం. వాడుకలో అనుమానం అంటే ఒకరిని దొంగగా చూడటం. లారీ విషయంలో మొదటి అర్థం రెండో అర్థంలోకి చాలా తొందరగా జారిపోతుంది. డీజిల్ లెక్క తేలకపోతే ఓనరు చూపు మొదట పడేది డ్రైవరు మీదే.

రెండు ట్యాంకుల బండి ఒకటి అనుకుందాం. పంపు డీజిల్‌ను పీల్చుకునేది మొదటి ట్యాంకు నుంచి. గేజీ ఉండేదీ దానికే. ఇన్‌లైన్ పంపు తాను వాడని డీజిల్‌ను వెనక్కి పంపుతుంది. రెండో ట్యాంకు బిగించినవాడు ఆ రిటర్న్ పైపును దానికి కలిపాడనుకోండి. కాలిన డీజిల్ కంటే ఎక్కువే మొదటి ట్యాంకులో తగ్గుతుంది. మిగిలింది రెండో ట్యాంకులో చేరుతుంది. అది నిండితే మూత సందుల్లోంచి రోడ్డు పాలవుతుంది. గేజీ అబద్ధం చెప్పలేదు. చూసినవాడు దాని మాటకు తప్పు అర్థం చెప్పుకున్నాడు. “డీజిల్ యాడికి పోతాందప్పా?” అని డ్రైవరును నిలదీస్తే అతని దగ్గర జవాబు ఉండదు. జవాబు లేకపోవడమే నేరం ఒప్పుకున్నట్టు అయిపోతుంది.

డ్రైవర్లు డీజిల్ అమ్ముకోరా అని అడగొచ్చు. అమ్ముకునేవాళ్ళూ ఉంటారు. నేను అంటున్నది పరీక్షల వరుస గురించి. మంచి మేస్త్రీ ఖర్చు తక్కువైన, వెనక్కి తీసుకోగల పరీక్షతో మొదలుపెడతాడు. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం పూడిందేమో చూస్తాడు. ఫీడ్ పంపు సక్షన్ పైపును ట్యాంకు నుంచి విడదీసి, శుభ్రమైన డీజిల్ క్యానులో పెట్టి నడిపిస్తాడు. బండి లాగితే లోపం ట్యాంకు వైపు, లాగకపోతే ఇంజన్ వైపు. సగం దారి ఒక్క దెబ్బతో తేలిపోయింది. సక్షన్ వైపు లీకు ఒక్క చుక్కా రాల్చదు, గాలిని మాత్రం లోపలికి పీలుస్తుంది. కంటికి కనిపించదు కాబట్టి అక్కడ కాసేపు పారదర్శకమైన పైపు పెట్టి బుడగలు చూస్తాడు. తర్వాత నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తాడు. ఏది వదిలితే ఇంజన్ శబ్దం మారదో ఆ సిలిండర్ పని చేయడం లేదు. ఒకసారికి ఒక్క మార్పే. నట్టు మళ్ళీ బిగించొచ్చు. మనిషిని దొంగ అన్న మాటను మళ్ళీ బిగించే పానా లేదు. అందుకే ఆ పరీక్ష చివరికి రావాలి.

కొత్త బండ్లతో ఈ గొడవ తీరిందా? దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాయి. ఇప్పుడు స్క్యానర్ పెడితే కంప్యూటరే లోపం కోడు చెబుతుంది. కానీ అది కోరిన ప్రెషర్‌ను వచ్చిన ప్రెషర్‌తో పోల్చి చెబుతుంది. ఎవరో రీమ్యాప్ చేసి ఆ కోరిక అంకెనే మార్చి ఉంటే, పోలిక కూడా మారిన అంకెతోనే. సీలు తెంచే పానా పోయి ల్యాప్‌టాప్ వచ్చింది, అంతే.

తర్కశాస్త్రం ప్రత్యక్షానికీ అనుమానానికీ తోడు ఆప్తవాక్యాన్ని కూడా ప్రమాణంగా ఒప్పుకుంది. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. మార్పు చేసిన ఇంజన్‌కు ఆప్తుడు సీలు తెంచినవాడే. కానీ అతను నోరు విప్పడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి రూపురేఖలు మార్చడానికి హద్దులు పెట్టింది. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000. చేసింది ఒప్పుకుంటే చిక్కు కాబట్టి ఎవరూ ఎక్కడా రాసిపెట్టరు. వాయిదాలు కట్టాల్సిన ఓనరు భయం నాకు అర్థమవుతుంది. గిరాకీని వదులుకోలేని మేస్త్రీ ఇబ్బందీ అర్థమవుతుంది. కానీ వాళ్ళిద్దరి మౌనానికి ధర కడుతున్నది ఆ మార్పు అడగనివాడు, చేయనివాడు, దాని సంగతే తెలియనివాడు. పులివెందుల చీనీకాయలు రాత్రికి రాత్రి మార్కెట్టుకు చేర్చాల్సిన మనిషి జీతంలో అది కోతగా పడుతోంది.

మార్చడం తప్పా కాదా అనే చర్చ వేరే. మార్చినవాడు తన తర్వాత వచ్చేవాడికి నిజం బాకీ పడతాడన్నది మాత్రం ఏ చర్చకూ ఆగని విషయం. స్క్రూ ఎన్ని చుట్లు తిప్పాడో, రిటర్న్ పైపు ఏ ట్యాంకుకు కలిపాడో, ఏ తేదీనో ఒక కాగితం మీద రాసి క్యాబిన్‌లో పెడితే ఆ బాకీ చాలావరకు తీరుతుంది. ఆ కాగితం లేని బండి మైలేజీ తగ్గిందంటే, డ్రైవరును పిలిపించే ముందు ఓనరు ఆ క్యాను పరీక్ష చేయించాలి, రిటర్న్ పైపు ఎటు పోతోందో కళ్ళారా చూడాలి. రెండూ కలిపినా ఒక పూట పని.