అడవికి వెళ్ళే ముందు ఎవరిని అడగాలి?

మధురవాడలో మేము ఉండే మేడ ఎక్కితే ఒక పక్క కంబాలకొండ కనిపిస్తుంది, ఇంకో పక్క హైవే మోత వినిపిస్తుంది. పాడేరు, హుకుంపేట, జి.మాడుగుల వైపు నుంచి వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టిన ఆదివాసీ ఉపాధ్యాయులం మేము. మా పిల్లలు కొండను కిటికీలోంచి చూస్తూ పెరుగుతున్నారు. డైట్‌లోనూ డిగ్రీలోనూ చదివే మన కుర్రాళ్ళు సెలవులకు ఊరెళ్ళినా, ఆటో దిగిన చోటి నుంచి ఇంటి దాకా తప్ప నడవడం లేదు. అందుకని సంక్రాంతి సెలవుల్లో వాళ్ళను వెంటబెట్టుకుని పాపికొండల నేషనల్ పార్కులో నాలుగు రోజులు తీరుబడిగా నడుద్దామనుకున్నాం. రోజుకు పది కిలోమీటర్లు మించకూడదు. నీడ బాగుంటే ఆగాలి, వాగు కనిపిస్తే కాళ్ళు నీళ్ళలో పెట్టుకు కూర్చోవాలి. పాపికొండలంటే జనానికి బోటు ప్రయాణమే. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవిని గోదారి మీద నుంచి చూసి వచ్చేస్తారు. మేము లోపల నడవాలనుకున్నాం.

ఈ సంగతి చెబితే మాలో ఒకరి తల్లి చాలాసేపు నవ్వింది. "పని లేకుండా నడవడమేటిరా? ఎవరైనా పోయారా?" అంది. ఆమె లెక్కలో నడకకు కారణం ఉండాలి. సంతకు చింతపండు మోసుకెళ్ళాలి, పెళ్ళికెళ్ళాలి, చావుకెళ్ళాలి, నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి రోడ్డు దాకా తేవాలి. సరదాకి వీపున బరువేసుకుని కొండెక్కేవాళ్ళను ఆమె చూడలేదు. మాకు కొంచెం సిగ్గేసింది. తర్వాత ఆలోచిస్తే, ఆ నడకల్లోనూ తీరుబడి ఉండేది. సంత దారిలో చెట్టు కింద బరువులు దించి, చుట్ట ముట్టించి, లోకం సంగతులన్నీ మాట్లాడుకునేవారు. అది పని మధ్యలో దొరికిన తీరుబడి. మాది జీతమూ సెలవూ ఇచ్చిన తీరుబడి. దాన్ని తప్పనలేం. ఎవరి అడవిలో వాడుకుంటున్నామో మాత్రం చూసుకోవాలి.

నవ్వు ఆగాక ఆమె ఇంకో మాట అడిగింది: "ఎవరింట్లో తింటారు?"

మా దగ్గర సామాన్ల చీటీ ఉంది. టెంటు, చిన్న గ్యాస్ పొయ్యి, నూడుల్స్ ప్యాకెట్లు, నీళ్ళలో వేసే మాత్రలు, టార్చిలైట్లు. ఒక్కో బ్యాగు పన్నెండు కిలోలు తూగింది. ఆమె అడిగాక చీటీ మళ్ళీ చదివాం. అందులో ఉన్నవన్నీ దారిలో ఏ మనిషితోనూ మనకు అవసరం పడకుండా ఉండటానికే.

అలవాటు కోసం కార్తీకంలో ఒక ఆదివారం కంబాలకొండలో టిక్కెట్టు కొని నడిచాం. 2002లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఒక కుర్రాడు దారి పక్కన పరికి పండ్లు చూసి, నడుస్తూ నడుస్తూనే చెయ్యి చాపాడు. "వద్దురా, ఇక్కడ కోయకూడదు" అన్నాం మేమే. వాడు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. రూలు ప్రకారం మేము చెప్పింది సరైనదే. కానీ అడవిలో నడవడం నేర్పిద్దామని తీసుకెళ్ళి మేము నేర్పిన మొదటి పాఠం అది.

ఇంటికొచ్చి చట్టం చదివాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 28వ సెక్షన్, ఏ పనుల మీద లోపలికి వెళ్ళడానికి అనుమతి ఇవ్వవచ్చో చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోలు, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల ఉండేవారితో చట్టబద్ధమైన పని. నేషనల్ పార్కులకూ ఇదే వర్తిస్తుంది. లోపలి ఊళ్ళవారి సంగతి వేరు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం నేషనల్ పార్కులను కూడా లెక్కలోకి తీసుకుని వాళ్ళ హక్కులు గుర్తించమంది. బయటి నుంచి వెళ్ళేవాళ్ళకు మాత్రం ఈ ఐదే. చుట్టపుచూపు అన్న మాట ఆ వరుసలో లేదు.

"మనం పర్యాటకులమా? ఆదివాసీలం కదా, మన అడవికి మనం పోతున్నాం" అని మాలో ఒకరికి కోపమొచ్చింది. ఆ కోపం మా అందరికీ తియ్యగా అనిపించింది. కానీ అది నిజం కాదు. పాపికొండల్లో ఉండేది కొండరెడ్లు, కోయలు. మేము భగతలం, కొండదొరలం, వాల్మీకులం. ఆ ఊళ్ళలో మాకు పిల్లనిచ్చినవాడు లేడు, తెచ్చుకున్నవాడు లేడు. ఆదివాసీ అన్న ఒక్క మాటతో వాళ్ళ కొండకు మేము సొంతదార్లం అయిపోము. కాగితం మీద పర్యాటకం అనే రాయాలి. మింగడానికి కష్టమైనా మింగాం.

మరి పర్యాటకుడికీ చుట్టానికీ తేడా ఎక్కడుంది? మాకు తోచింది ఇది: రావద్దని ఊరు ఎవరితో అనగలదో అతను చుట్టం. టిక్కెట్టు కొన్నవాణ్ణి ఊరు ఆపలేదు. మాలో చిన్నవాడు దీనికి ఒప్పుకోలేదు. "మాస్టారూ, దేశంలో ఎక్కడికైనా తిరిగే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. ఊరి మాట మీద ఆగిపోవడమేంటి?" అన్నాడు. 19వ అధికరణం తిరిగే హక్కు ఇచ్చిన మాట నిజమే. అదే అధికరణం ఐదో క్లాజులో, షెడ్యూల్డు తెగల ప్రయోజనాలు కాపాడటానికి ఆ హక్కు మీద ప్రభుత్వం పరిమితి పెట్టవచ్చని కూడా ఉంది. ఆ రక్షణ కింద పెరిగినవాళ్ళం మేము. మా ఊళ్ళ విషయంలో ఆ క్లాజు చూపించి, పక్కవాళ్ళ ఊరికి వెళ్ళేటప్పుడు మొదటి భాగమే చదువుతామా?

అడగడం కూడా తేలిక కాదు. ప్యాంటూ చొక్కా వేసుకున్న మాస్టార్లు వచ్చి అడిగితే, కొండరెడ్ల గూడెంలో ఎవరైనా "రండి బాబూ" అనే అంటారు. అది మర్యాదో భయమో తేల్చుకోలేం. కాదనే వీలు వాళ్ళకు మిగలాలంటే ముందు బ్యాగులు లేకుండా వెళ్ళాలి, వెంట గార్డు ఉండకూడదు, జవాబుకు ఒక రాత్రి గడువివ్వాలి. ఆడవాళ్ళను కూడా అడగాలి, ఎందుకంటే నీళ్ళు మోసేదీ కట్టెలు తెచ్చేదీ వాళ్ళు. వాళ్ళ మనసు మంచిదన్న ధీమా మాత్రం పెట్టుకోకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు ఒడ్డు గూడెంవాళ్ళు పడవలేసుకుని పోయి మనుషుల్ని నీళ్ళలోంచి లాగారు. వాళ్ళు ఎవరి పర్మిషనూ అడగలేదు. అలాంటివాళ్ళు అన్నం పెట్టకుండా ఉండరు. చిక్కంతా అక్కడే ఉంది. పన్నెండు మందిమి నాలుగు రోజులు తింటే ఒక ఇంటి గింజలు అయిపోతాయి. డబ్బిస్తే నొచ్చుకుంటారు. మన నూడుల్స్ మనమే వండుకుంటే ఇంటి ముందు పొయ్యి పెట్టి ఆ ఇంటివాళ్ళను వెక్కిరించినట్టు. ఈ విషయంలో మాత్రం మా ముసలమ్మే తేల్చింది. "ఉప్పు, ఎండుచేపలు పట్టుకెళ్ళండి. బియ్యం మీవి, పొయ్యి వాళ్ళది." టెంట్లు రెండు తీసేసి ఆ బరువుకు భీమిలి ఎండుచేపలు రాసుకున్నాం. వాసనకు ఎలుగుబంటి వస్తుందేమోనని కుర్రాళ్ళ భయం. అదీ ఊరివాళ్ళనే అడగాలి.

అసలు కష్టం ఇంకోటుంది. పోలవరం ముంపు కింద దేవీపట్నం మండలంలో కొన్ని ఊళ్ళు లేచిపోయాయి. జనం పునరావాస కాలనీల్లో ఉన్నారు. మేము నడవాలనుకున్న దారుల్లో కొన్ని వాళ్ళ పోడుకూ, వాళ్ళ దేవతకూ పోయే దారులే కావచ్చు. కాలనీకి వెళ్ళి "మీరు వదిలిన దారిలో మేము సరదాగా నడుస్తాం, సెలవిస్తారా?" అని ఏ మొహంతో అడగాలి? రెండు సాయంత్రాలు మాట్లాడుకున్నాం. అయినా వెళ్ళి అడగాలనే అనుకున్నాం. ఎవరైనా మాతో వస్తానంటే, ముందు నడిచేది వాళ్ళు.

వచ్చే నెల మాలో ఇద్దరం వెళుతున్నాం. కాదంటే బస్సెక్కి తిరిగొచ్చేస్తాం. కుర్రాళ్ళు అప్పుడే బూట్లు కొనేశారు. అవి వేసుకుని కంబాలకొండ ఎక్కుతారు, టిక్కెట్టు మేమే కొంటాం.