అవసరమా? వేడుకా?

ధ్యాన భాగములు: ఆదికాండము 2:15, లేవీయకాండము 17:13, ద్వితీయోపదేశకాండము 22:6, 7

జాతీయ ఉద్యానవనములలో వేటాడుటకు సెలవీయవచ్చునా? ఈ ప్రశ్నపై అమెరికా దేశములో బహుకాలమునుండి వాదము జరుగుచున్నది. మృగములను కాపాడుటకే ప్రత్యేకింపబడిన వనములో తుపాకి మ్రోగవచ్చునా అని ఒక పక్షమువారు అడుగుచున్నారు. మృగములు మితిమీరి పెరిగి, మేత లేక మాడుచుండగా ఊరక చూచుటయే క్రూరత్వము కాదా అని రెండవ పక్షమువారు అడుగుచున్నారు. ఇరువురి మాటలోను కొంత సత్యమున్నది. గనుక తొందరపడి తీర్పు తీర్చక, జరిగిన సంగతి ముందు చూతము.

యెల్లోస్టోన్ వనము 1872లో ఏర్పడెను. అచ్చట వేటాడువారిని శిక్షించు చట్టము 1894లో వచ్చెను. అయితే ఆ కాపుదల అన్ని ప్రాణులకు సమానముగా దొరకలేదు. దుప్పులు మంచివి, తోడేళ్లు చెడ్డవి అని మనుష్యులెంచి, 1926 నాటికి ఆ వనములో తోడేళ్లను లేకుండ చేసిరి. ఎల్క్ అను పెద్ద దుప్పులకు వాటి భయము తీరెను. మందలు పెరిగెను. లేత చెట్లు తలయెత్తక మునుపే వాటి మేతయాయెను. తుదకు ఆ దుప్పులను కాపాడవలసిన వనరక్షకులే తుపాకులు పట్టవలసివచ్చెను. 1961–62 శీతకాలములో నాలుగు వేలకు పైగా దుప్పులను వారు కాల్చిరి. ప్రజలలో గొప్ప కలవరము పుట్టెను. ఎట్లును చంపవలసినదే అయినప్పుడు ఆ పని మాకే ఇయ్యరాదా అని వేటగాండ్రు అడిగిరి.

1963లో స్టార్కర్ లియోపోల్డ్ అధ్యక్షుడుగా నుండిన శాస్త్రజ్ఞుల సంఘము దీనికి ఉత్తరమిచ్చెను. మందలను తగ్గించుట అవసరమే. అయితే అది వనోద్యోగుల చేతిలోనే ఉండవలెను, వినోదపు వేటగా మారరాదు అని వారి అభిప్రాయము. 1967లో ప్రజల అభ్యంతరమువలన యెల్లోస్టోన్‌లో ఆ కాల్పులు ఆగిపోయెను. 1995, 1996 సంవత్సరములలో కెనడానుండి 31 తోడేళ్లను తెచ్చి అచ్చట విడిచిరి. మనుష్యుడు తీసివేసిన దానిని తిరిగి నిలుపుటకు సుమారు 70 సంవత్సరములు పట్టెను.

దాని ప్రక్కనున్న గ్రాండ్ టీటన్ వనములో మరియొక పద్ధతి ఏర్పడెను. 1950 నాటి చట్టము ప్రకారము లైసెన్సుగల వేటగాండ్రనే తాత్కాలిక వనరక్షకులుగా నియమించి దుప్పులను తగ్గింపవచ్చును. 2021లో గ్రాండ్ కెన్యన్ వనములో బైసన్ అను అడవి ఎద్దులను తగ్గించుటకు 12 మంది స్వచ్ఛంద సేవకులు కావలెనని ప్రకటించిరి. ఇది వేట కాదని అధికారులు స్పష్టముగా చెప్పిరి. అయినను ఆ 12 స్థానములకు 45,000 మందికి పైగా దరఖాస్తు పెట్టుకొనిరి. చివరకు చంపబడినవి నాలుగు మాత్రమే. అంతకంటె ఎంతో ఎక్కువ వాటిని ప్రాణముతో పట్టి వేరుచోట్లకు పంపిరి.

ఆ వేలమందిని నిందించుట మా ఉద్దేశము కాదు. వారిలో మాంసమును వ్యర్థపుచ్చక ఇంటిల్లిపాదికి వండిపెట్టువారుందురు, అడవిని ప్రేమించువారునుందురు. అంగడిలో మాంసము తూకము వేయించుకొని తెచ్చుకొను మనము, తన చేతితో చంపి తినువానిని చూచి ముఖము చిట్లించుకొనుట న్యాయము కాదు. లేఖనములును వేటను పూర్తిగా నిషేధింపలేదు. ఇస్సాకు తన కుమారుని వేటమాంసమును ఇష్టపడినవాడే.

అయితే లేఖనములు వేటకు హద్దు నియమించినవి. వేటాడి పట్టిన జంతువు రక్తమును నేలను ఒలికించి మంటితో కప్పవలెనని లేవీయకాండము ఆజ్ఞాపించుచున్నది. తినుటకు సెలవున్నది గాని, అది ఒక ప్రాణమని మరచుటకు సెలవు లేదు. గూటిలోని పిల్లలను తీసికొనువాడు తల్లిపక్షిని విడిచిపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. చేతికి అందినదంతయు మనది కాదని దీని భావము. మొదటి మనుష్యునికి తోట అప్పగింపబడినది సేద్యపరచుటకును కాచుటకును గదా!

కాబట్టి మాకు తోచునది ఇది. అవసరమునకు చంపుట వేరు, వేడుకకు చంపుట వేరు. చేయి ఒక్కటే, తుపాకి ఒక్కటే. తేడా హృదయములో నున్నది. దానిని కనుగొనుటకు ఒక ప్రశ్న చాలును: ఈ అవసరము రేపు తీరిపోయినయెడల నేను సంతోషింతునా, చింతింతునా? రోగము కుదిరి ఇక కత్తి అక్కరలేదన్నప్పుడు మంచి వైద్యుడు సంతోషించును. తోడేళ్లు తిరిగివచ్చి తన తుపాకికి పనిలేకుండ చేసినప్పుడు ఎవడు సంతోషించునో, వాని చేతికే తుపాకి ఇయ్యదగును. ఎవడు చింతించునో, వానికి అవసరమనునది ఒక నెపము మాత్రమే.

మన దేశపు చట్టమును ఈ తీరుననే ఆలోచించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించెను. పులివంటి మృగము మనుష్యుల ప్రాణమునకు అపాయకరమైనప్పుడు సయితము, దానిని పట్టుటకుగాని, మత్తుమందిచ్చి తరలించుటకుగాని వీలులేదని తేలినపిమ్మటనే, కారణములు వ్రాసి, చంపుటకు ఉత్తరువు ఇయ్యవలెను. చంపుట కడపటి మార్గము, మొదటిది కాదు.

ప్రియ పాఠకులారా, మనలో తుపాకి పట్టువారు బహు కొద్దిమంది. అయినను ఈ ప్రశ్న మన ఇంటి గడపలోనికి వచ్చుచున్నది. బిడ్డను దండించునప్పుడు, పనివానిని గద్దించునప్పుడు, సంఘములో ఒకని తప్పు బయటపెట్టునప్పుడు, ఇది అవసరమే అని మనము చెప్పుదుము. కొన్నిసార్లు అవసరమే. అయితే ఆ బిడ్డ దండనలేకయే దిద్దుకొనినయెడల, ఆ సహోదరుడు నిర్దోషియని తేలినయెడల, మన హృదయము తేలికపడునా? లేక చేతికి చిక్కినది జారిపోయెనని లోలోపల నొచ్చుకొనునా? ఈ మాసమంతయు ఈ ప్రశ్నను మన యెదుట ఉంచుకొందము.