డబ్బాలో లేని కార్డు



2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుండి మన శంషాబాద్‌కు తరలివచ్చాక, ఈ చుట్టుపక్కల విచారణ గురువులకు ఒక పని పెరిగింది. విదేశాలకు వెళ్ళేవారికి ప్రయాణ దీవెన ఇవ్వాలి. వచ్చినవారి ఇంటికి వెళ్ళి ప్రార్థన చెప్పాలి. డాలస్ నుండో న్యూజెర్సీ నుండో దిగినవాళ్ళు పెట్టెలు విప్పకముందే "ఫాదర్, ఒక్కసారి ఇంటికి రండి" అని కబురు పెడతారు. ప్రార్థన పది నిమిషాలు, టీ పది నిమిషాలు. మొన్నటి సెలవుల్లో మాత్రం ఒక ఇంట్లో టీ చల్లారి తొరక కట్టేదాకా కూర్చున్నాను.

ఆ ఇంటాయన ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తాడు. నలభై ఆరేళ్ళుంటాయి. టెక్సాస్‌లో ఉండే చెల్లెలు కుటుంబంతో వచ్చింది. ఆమె కొడుకుకు పన్నెండేళ్ళు. ఆ పిల్లవాడు ఒక ఆల్బం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నిండా బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు. అమెరికాలో ఇదొక పెద్ద వ్యవహారం. నూరేళ్ళ క్రితం సిగరెట్ పెట్టెల్లో, తరువాత బబుల్‌గమ్ పొట్లాల్లో ఊరికే పెట్టి ఇచ్చిన అట్టముక్కలు ఇప్పుడు ఆస్తులయ్యాయి. 1952లో అచ్చయిన మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఖరీదైన కార్డును గట్టి ప్లాస్టిక్ పలకలో సీలుచేసి, మూల మడత పడిందా, అంచు నలిగిందా అని చూసి పదికి ఇన్ని మార్కులని వేస్తారు. మార్కులు అట్టముక్కకే సుమండీ, ఆటగాడికి కాదు.

అల్లుడి సంబరం చూసి మామకు హుషారొచ్చింది. అటక మీది బిస్కెట్ డబ్బా దించాడు. అందులో తన చిన్ననాటి క్రికెట్ ట్రంప్ కార్డులు. మీలో నలభై దాటినవారికి గుర్తుండే ఉంటాయి. కార్డుకు ఒకవైపు ఆటగాడి బొమ్మ, కింద అంకెలు: ఆడిన మ్యాచ్‌లు, చేసిన పరుగులు, తీసిన వికెట్లు. ఇద్దరు చెరిసగం పంచుకుని, పైకార్డు చూసి "పరుగులు" అని ఒకడు పిలిస్తే, ఎవరి అంకె పెద్దదైతే వాడు ఎదుటివాడి కార్డు లాక్కోవాలి. నా తరం వాళ్ళం ఇంకా వెనక్కి పోవాలి. 1987లో మన దేశంలో ప్రపంచకప్ జరిగిన రోజుల్లో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెట్ కార్డులు కూడబెట్టాను. దవడలు నొప్పి పుట్టేలా నమిలిన సంగతి మా రెక్టరుగారికి తెలియకుండా జాగ్రత్తపడ్డాను కూడా.

పిల్లవాడు కార్డులన్నీ నేలమీద దేశాలవారీగా పేర్చి, "మామయ్యా, ఇండియా కెప్టెన్ ఏడీ?" అన్నాడు. మామ మాట్లాడలేదు. వాడు మళ్ళీ అడిగాడు. అప్పుడాయన నావైపు తిరిగి చెప్పాడు: "కాలవెట్టిన ఫాదర్. 2000ల టీవీల వార్త జూసి, కోపమొచ్చి పొయ్యిల ఏసిన. తప్పు జేసిన్నంటరా?"

ఆ కార్డు అజారుద్దీన్‌ది. మన హైదరాబాద్ కుర్రాడు. 1984 డిసెంబరు ఆఖరున కలకత్తాలో ఇంగ్లండుపై తొలి టెస్టు ఆడి 110 కొట్టాడు. తరువాత మద్రాసులో 105, కాన్పూరులో 122. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. అప్పట్లో మన గల్లీల్లో ప్రతి పిల్లవాడూ షర్టు కాలరు పైకెత్తుకుని, మణికట్టు తిప్పుతూ తిరిగేవాడు. 2000 మార్చిలో బెంగుళూరులో ఆడిన ఆఖరి టెస్టులోనూ 102 చేశాడు. ఆ డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై క్రికెట్ బోర్డు ఆయనను జీవితకాలం నిషేధించింది. టెస్టుల లెక్క 99 దగ్గరే ఆగిపోయింది. పన్నెండేళ్ళ తరువాత, 2012 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టప్రకారం చెల్లదని తీర్పు చెప్పింది. ఈలోగా 2009లో ఆయన పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 2019లో హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ కేసులో తీర్పు చెప్పడం నా పని కాదు. నన్నడిగింది కార్డు సంగతి.

ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేదు. "కోపంలో చేశారు, పోనీండి" అని లేచి వచ్చేశాను. పూజారి నోట ఇలాంటి మాట సులువుగా వస్తుంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో ఒక చర్చ మమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టేది. ఏ మనిషినైనా అతని ఆయుష్షు ముగిసేదాకా చూడకుండా ధన్యుడని అనరాదని సోలోను అనే పెద్దమనిషి అభిప్రాయం. అరిస్టాటిల్‌కు ఇది పూర్తిగా మింగుడుపడలేదు. అలాగైతే బ్రతికి ఉండగా ఎవరి గురించీ ఏ మంచీ చెప్పలేము గదా, చచ్చాకనే చెప్పాలా, అని వాదిస్తాడు. కార్డులు అచ్చువేసేవాడిది సోలోనుకు సరిగ్గా ఎదురుదారి. ఆటగాడు ఇంకా ఆడుతుండగానే బొమ్మ వేసి, అప్పటిదాకా ఉన్న అంకెలు వేసి అమ్మేస్తాడు. అచ్చు అక్కడితో అయిపోతుంది, మనిషి మాత్రం ఇంకా బ్రతకవలసి ఉంటుంది. రేపు ఆయన మంచివాడైనా చెడ్డవాడైనా కార్డు మారదు.

అదే గ్రంథంలో ఇంకోచోట, జరిగిపోయినదాన్ని జరగలేదనిపించడం దేవునికి కూడా వశం కాదని ఒక పాత నాటకకర్త అన్నమాటను అరిస్టాటిల్ ఒప్పుకుంటాడు. కలకత్తా 110 జరిగింది. ఈడెన్ గార్డెన్స్‌లో వేలమంది కళ్ళారా చూశారు. తరువాత ఏం జరిగినా ఆ పరుగులు వెనక్కి పోవు. పొయ్యిలో వేసినప్పుడు మన కార్గో మిత్రుడు ఏదో శిక్ష వేశాననుకున్నాడు. నిజానికి పోయింది ఆయన పన్నెండో ఏటి సంతోషమే.

అయితే కోపం అన్యాయమా? అలా అనను. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు తన దేవుడనుకున్నవాడి మీద అంత పెద్ద ఆరోపణ వింటే గోడమీది పోస్టరు చింపడంలో ఒక నీతి ఉంది. గోడకు తగిలించడమంటే ఇంటికొచ్చినవారందరికీ "ఈయనను మేము గౌరవిస్తాం" అని చెప్పడం. ఆ గౌరవం పోయిన రోజున పటం దింపవచ్చు, దింపాలి కూడా. డబ్బా సంగతి వేరు. డబ్బాలో ఉంచుకున్నవాటిని మనం ఎవరికీ చూపి మెప్పించము. ఇది జరిగింది, నేనిది చూశాను అని గుర్తుంచుకోవడానికే ఉంచుకుంటాము. గోడమీద చోటు లేనివారికి డబ్బాలో కూడా చోటు లేదనడం దగ్గరే చిక్కంతా ఉందని నాకు తోస్తుంది.

ఆ పిల్లవాడి ఆల్బంలో పీట్ రోజ్ కార్డు కూడా ఉంది. ఈయన కథ మన కథకు దూరపు చుట్టం. బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే వాళ్ళు దాన్ని హిట్ అంటారు. అలాంటివి 4,256 కొట్టాడు, అందరికన్నా ఎక్కువ. జూదం నేరంపై 1989లో ఆటనుండి శాశ్వతంగా వెలివేశారు. చాలా ఏళ్ళు కాదని బొంకి, 2004లో తాను బేస్‌బాల్‌పై పందాలు కాశానని ఒప్పుకున్నాడు. 2024 సెప్టెంబరులో చనిపోయాడు. 2025 మేలో అక్కడి కమిషనరు, మనిషి మరణంతో ఆ నిషేధం ముగిసిందని ప్రకటించాడు. పెట్టె మూసేదాకా ఆగి, తరువాత తలుపు తీశారన్నమాట. సోలోను ఉంటే సంతోషించేవాడేమో. నాకు సంతోషం కలగలేదు. తలుపు తీసిన సంగతి ఆ మనిషికి తెలియనే తెలియదు గదా!

అంకెల విషయం కూడా ఒక మాట. జయసింహ కార్డు ఈ ట్రంప్ ఆటలో ఉండి ఉంటే ప్రతి పిల్లవాడి చేతిలోనూ ఓడిపోయేది. 39 టెస్టులు, 2,056 పరుగులు, మూడే సెంచరీలు. కానీ 1968 జనవరిలో జట్టులో గాయపడినవారి స్థానంలో ఇక్కడినుండి విమానమెక్కి ఆస్ట్రేలియా పోయి, ప్రాక్టీసైనా సరిగా లేకుండా బ్రిస్బేన్‌లో 74, 101 కొట్టాడు. 39 పరుగుల తేడాతో మనం ఓడిపోయాము. ఆ ప్రయాణ బడలికను కార్డు వెనుక ఏ గడిలో వేస్తారు?

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను. మేము గురువులం కూడా కార్డులు కూడబెడతామని మీకు తెలుసు. గురుపట్టాభిషేకం రోజున పంచే చిన్న పటాలు, వెనుక పేరు, తేదీ ఉంటాయి. నా జపపుస్తకంలో మా బ్యాచివారివన్నీ ఉండేవి. వారిలో ఒక సహాధ్యాయి కొన్నేళ్ళకు గురుత్వాన్ని విడిచి వెళ్ళిపోయాడు. వార్త విన్న రోజునే అతని పటం తీసేశాను. కాల్చలేదు గానీ, ఎక్కడ పెట్టానో గుర్తుపెట్టుకోలేదు. ఆ రెండింటికీ తేడా ఏమిటని మీరడిగితే చెప్పలేను. ఉత్తరం రాయలేదు. ఒక పెళ్ళిలో ఎదురుపడితే పక్కకు తప్పుకున్నాను. నాలుగేళ్ళ క్రితం వాళ్ళ అమ్మగారి భూస్థాపనకు వెళ్ళినప్పుడు చుట్టాలు చెప్పుకుంటుంటే విన్నాను. మంచంలో ఉన్న తల్లికి ఆరేళ్ళు తన చేతులతోనే స్నానం చేయించాడట, అన్నం తినిపించాడట. నా దగ్గరి లెక్క మాత్రం అతను వెళ్ళిపోయిన తేదీ దగ్గరే ఆగి ఉంది.

ఈ వ్యాసం రాసేముందు జపపుస్తకాలన్నీ దులిపాను. పాత డైరీలు, ట్రంకుపెట్టె అడుగున పరచిన పేపర్లు కూడా చూశాను. పటం దొరకలేదు.

కార్గో మిత్రుడి ఇంటికి మళ్ళీ వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయన నవ్వి, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పెట్టే పాత పుస్తకాల దుకాణాల్లో అలాంటి కార్డులు దొరకవచ్చు, వెదుకుతాను ఫాదర్ అన్నాడు. పూజ అయ్యాకే వెళ్ళమన్నాను. "మరి మీ దోస్తు పటం యాడ దొరుకుతది ఫాదర్?" అని అడిగాడు. నా దగ్గర అతని ఫోను నెంబరు ఉంది. ఇది అచ్చుకు పంపే వేళకు ఇంకా చేయలేదు.