మళ్ళీ వేలిముద్ర

‘వేలిముద్రగాడు’ అన్నమాట మన పల్లెల్లో చాలాకాలం తిట్టుగా చెల్లింది. షావుకారు రాసిన ప్రోనోటులో అంకె ఎంతో తెలియకుండా, బొటనవేలు సిరాలో ముంచి ఒత్తినవాడి పేరు అది. వయోజన విద్యకోసం పాటుపడిన పెద్దలందరూ ఆ వేలి సిరాను కడిగివేయాలనే కోరారు. సంతకం చేయటం అంటే, దేనికి ఒప్పుకొంటున్నామో తెలిసి ఒప్పుకోవటమని వారి నమ్మకం. ఇప్పుడు బియ్యానికీ, పింఛనుకూ, బ్యాంకు డబ్బుకూ తిరిగి బొటనవేలే ముందుకు వచ్చింది. ఎమ్మే చదివినవాడూ, అక్షరం రానివాడూ ఆ గాజుపలక ముందు సమానులే. కాని రాళ్ళెత్తి, సున్నం కలిపి గీతలు అరిగిపోయిన వేళ్ళను ఆ యంత్రం తరచు గుర్తుపట్టదు. ఆ మాత్రం వర్గదృష్టి దానికీ ఉన్నదన్నమాట!

నేను వేంపల్లెలో బడిపంతులును. రెండేళ్ళుగా ఆదివారం సాయంత్రాలు మా ఇంటి వసారాలో పెద్దవాళ్ళకు ఫోనూ, కంప్యూటరూ నేర్పుతున్నాము. నేనూ, నా దగ్గర చదివి కాలేజీలకు వెళ్ళిన నలుగురు పిల్లలూ నేర్పేవాళ్ళం. చీనీతోటల్లోనూ, శెనక్కాయ చేలల్లోనూ కూలికి పోయేవాళ్ళు నేర్చుకొనేవాళ్ళు. ఇక్కడికి దగ్గరలోనే ఇడుపులపాయలో 2008లో సాంకేతిక విద్యాలయం వెలిసింది; పల్లెల పిల్లలకు కంప్యూటరు చదువు అందింది. ఆ పిల్లల తల్లుల ఈడువాళ్ళు మాత్రం చిన్న దరఖాస్తుకు కూడా నెట్ సెంటరు ముందు డబ్బు పట్టుకొని నిలబడుతున్నారు.

ప్రభుత్వం ఈ లోపాన్ని చూడలేదనటం న్యాయం కాదు. 2017లో ‘ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్’ మొదలయింది. 6 కోట్ల గ్రామీణ కుటుంబాలు లక్ష్యం. ఇంటికి ఒక్కరు, 14 నుంచి 60 ఏళ్ళలోపు, 20 గంటల పాఠం, చివర పరీక్ష. 2024 మార్చి 31తో అది ముగిసింది. ఇంటికి ఒక్కరంటే ఆ ఒక్కరు ఎవరు? మా వసారాకు వచ్చినవాళ్ళను అడిగితే, ‘మా పిల్లోడు’ అన్నారు. ఇక అరవై దాటిన ముసలమ్మకు ఫోనుతో అవసరం ఉన్నదిగాని, నేర్చుకొనే అర్హత లేదు!

మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పాలి. అరవై ఐదేళ్ళ పెద్దమ్మ ఒకామె ఫోను తెచ్చి, ‘నువ్వే ఒత్తు సామీ, నాకేం తెలుస్తాది’ అన్నది. ఏదో ధ్రువీకరణ పని. నేను చకచకా ఒత్తాను. ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో కూడా టిక్కు పెట్టాను. పని అయిపోయింది. ఆమె లేస్తూ లేస్తూ, ‘నేనేం ఒప్పుకుంటి సామీ?’ అని అడిగింది.

నాకు జవాబు లేదు. ఆ గడి కింద ఇంగ్లీషులో నాలుగు పేజీలున్నది. నేను చదవలేదు. అంతకుముందు నా సొంత ఫోనులోనూ ఎన్నడూ చదవలేదు. అంటే షావుకారు ముందు కూర్చున్న రైతుకూ నాకూ తేడా లేదు. పైగా నేను ఇంకొకరి వేలు పట్టుకొని ఒత్తించినవాణ్ణి. పూర్వం ఆ పని చేసినవాణ్ణి దళారి అనేవారు.

ఈ సంగతి ఒక మిత్రుడికి చెబితే ఆయన వేరే తప్పు పట్టాడు. ‘అసలు మీరు నేర్పటమే పొరపాటు. ఆఫీసు చేయవలసిన పనిని ప్రభుత్వం పేదవాడి ఫోనులోకి నెట్టివేసింది. మీరు జీతంలేని గుమాస్తాలై దాన్ని నడిపిస్తున్నారు’ అన్నాడు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో హాజరును ఫోనులో ఫోటోలు తీసి పంపాలన్నారు. సిగ్నలు లేని గుట్టలో మట్టి తవ్వినవాడి చెమట దానికి కనిపించదు. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ను తెచ్చింది. సౌకర్యమే, కాదనను. అయితే ఫోను లేనివాడికీ, చదవలేనివాడికీ కిటికీ దగ్గర మనిషి కూడా ఉండాలని అడగటం మానకూడదు. అడుగుతూనే నేర్పాలి. న్యాయం జరిగేదాకా నేర్పనంటే ఆ పెద్దమ్మ ఈ నెల ఎవరి దగ్గరకు పోవాలి? మా మిత్రుడి సిద్ధాంతానికి ఆమె నెట్ సెంటరులో రుసుము చెల్లించవలసి వస్తుంది.

నేర్పాలా వద్దా అన్నది తేలినా, ఏమి నేర్పాలన్నది మిగిలే ఉన్నది. మన పక్కనున్న నెల్లూరు జిల్లాను చూడండి. అక్కడ అక్షరదీక్ష నడిచింది ప్రభుత్వ ధనంతోనే. సంతకం నేర్పి పంపివేస్తే లెక్క సరిపోయేది. కాని సారా వల్ల చెడిన సంసారం కథ పాఠమయింది. దూబగుంట ఆడవాళ్ళు దాన్ని చదివి, తమ ఊరి సారా దుకాణం వైపు చూశారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. అక్షరం వాళ్ళ చేతికి పనిముట్టుగా ఇవ్వబడినది. వాళ్ళు దాన్ని ప్రశ్నగా మార్చుకొన్నారు.

మేమూ పాఠం మార్చాము. ఏది ఒత్తాలో చెప్పేముందు ఏది ఒత్తకూడదో చెబుతున్నాము. ‘అంగీకారం’ గడి వచ్చినప్పుడు పిల్లల్లో ఒకరు ఆ ఇంగ్లీషును తెలుగులో చెబుతారు. తెలియకపోతే తెలియదని ఒప్పుకొంటారు. ఫోను నేర్చుకొనేవాళ్ళ చేతిలోనే ఉండాలి, మేము తాకరాదని నియమం పెట్టుకొన్నాము. దీనివల్ల తరగతి నత్తనడక నడుస్తున్నది. పద్నాలుగుమందిలో ఆరుగురు మానేశారు. ‘మాకు పని కావాల, పాఠం కాదు’ అన్నారు. పొద్దంతా కూలి చేసి వచ్చినవాళ్ళు ఆ మాట అంటే తప్పు పట్టే అర్హత నాకు లేదు. వాళ్ళలో ఇద్దరికి ఇప్పటికీ నేనే ఒత్తి పెడుతున్నాను. నియమం నేనే మీరుతున్నాను.

పోయిన ఆదివారం ఆ పెద్దమ్మ మళ్ళీ వచ్చింది. ఎవరో బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పమన్నారట. ఆమె చెప్పలేదు. పిల్లలు సంతోషించి చప్పట్లు కొట్టారు. ఆమెకు ఆ చప్పట్లు పట్టలేదు. ‘అది సరే సామీ, నా పేరూ, నా బ్యాంకు పేరూ వానికి ఎవురిచ్చినారు?’ అని అడిగింది.

పిల్లలు నావైపు చూశారు. వచ్చే ఆదివారానికి అదే పాఠంగా పెట్టుకొన్నాము.