నిష్ప్రతీకారమైన రోగమేది?

సల్లేఖనా వ్రతమునకు మన ఆచార్యులు కఠినమైన హద్దును ఏర్పరచిరి. ఉపసర్గము, దుర్భిక్షము, వార్ధక్యము, రోగము అనునవి సంప్రాప్తమై, అవి నిష్ప్రతీకారములైనపుడే ధర్మార్థమై దేహత్యాగము తగునని సమంతభద్రాచార్యుడు రత్నకరండ శ్రావకాచారమున చెప్పెను. ధర్మసూక్ష్మమంతయు ఆ ‘నిష్ప్రతీకార’ శబ్దముననే ఇమిడియున్నది. ఏ రోగమునకు ప్రతీకారము లేదో గ్రంథము చెప్పజాలదు. అది కాలమునుబట్టి మారును. నిన్న మందులేని జబ్బునకు నేడు మందు దొరకవచ్చును.

కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఒక వృద్ధ శ్రావకుడున్నాడనుకొనుడు. ఆ ప్రాంతమునగల సుబాయిలో తీర్థంకరుల ప్రాచీన శిలాప్రతిమలను దర్శించుచు, కుందులి సంతలో వర్తకము చేసికొనుచు బ్రతికినవాడు. ఎన్నడో వచ్చిన గుండెపోటు వలన ఆయన హృదయమున ఒక మచ్చ మిగిలినది. ఆ మచ్చ చుట్టును విద్యుత్తు దారి తప్పి సుడి తిరుగును. జఠరికలు మితిమీరిన వేగముతో కొట్టుకొనును. రక్తము ముందుకు సాగదు. దీనినే వెంట్రిక్యులర్ టాకీకార్డియా యందురు. ఛాతీలో అమర్చిన డీఫిబ్రిలేటరు యంత్రము ఘాతమిచ్చి ప్రాణము నిలుపును గాని, మెలకువలో తగిలిన ఆ ఘాతము గుఱ్ఱపు తన్ను వంటిది. మందులు పనిచేయలేదు. కాథెటరుతో మచ్చను కాల్చిననూ ఫలింపలేదు. “ఇక చాలు నాయనా, వ్రతము పట్టెదను” అని తండ్రి. “నాన్నగారూ, మరియొక మార్గము కలదట” అని కుమారుడు. వీరిలో ధర్మము ఎవరి పక్షమున ఉన్నది?

ఆ మార్గమేదో తెలిసికొనవలెను. క్యాన్సరు గడ్డలకు వాడు రేడియేషన్ కిరణములనే గుండెలోని మచ్చపై కేంద్రీకరింతురు. కోత లేదు, మత్తు లేదు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2017లో ఐదుగురు రోగుల ఫలితములను ప్రకటించిరి. ఒక్కొక్కరికి 25 గ్రేల మోతాదును ఒకే విడతలో ఇచ్చిరి. సగటున 14 నిమిషములు పట్టినది. చికిత్సకు ముందు మూడు నెలలలో ఐదుగురికిని కలిపి 6,577 మారులు వచ్చిన దుర్లయ, చికిత్సానంతరము తొలి ఆరు వారములలో 680కి తగ్గి, పిమ్మట మిక్కిలి అరుదైనది. అయినను వారిలో ఒక వృద్ధురాలు మూడు వారములకే పక్షవాతముతో మరణించినది. 2019లో ప్రకటించిన 19 మంది పరిశీలనలో అత్యధికులకు దుర్లయ తగ్గినను, ఏడాది పిదప జీవించియున్నవారు 72 శాతమే. కొందరికి ఊపిరితిత్తులకు గాని, గుండె పై పొరకు గాని వాపు కలిగినది. నేటికిని ఇది పరిశోధనలో ఉన్న చికిత్సయే.

హృదయమున నిప్పు పెట్టుట హింస కాదా యని కొందరడుగుదురు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసకు మూలము ప్రమాదము, అనగా అజాగ్రత్త, అని నిర్ణయించెను. మచ్చ ఎల్లలను ముందుగా చిత్రించి, ఊపిరితో కదలు గుండెను గమనించి, ప్రక్కనున్న అన్నవాహికను కాపాడుచు కిరణమును ప్రయోగించు వైద్యుని శ్రద్ధ అప్రమత్తతయే. కాని మరియొక ప్రశ్న ఇంత సులభము కాదు. మనుష్యులకంటె ముందు ఈ కిరణములను పందుల గుండెలపై పరీక్షించిరి. ఆ మూగజీవుల బాధను చికిత్స సఫలమైనదను మాట చెరిపివేయజాలదు. చికిత్స పొందువాడు ఆ ఋణమును మరువక జీవదయతో శేషజీవితము గడపుట కనీస ధర్మము. కాని దానితో ఋణము తీరినదనుకొనుట ఆత్మవంచన.

ఇక తండ్రీకొడుకుల వివాదము. సల్లేఖనకు గల అతిచారములలో జీవితముపై ఆశ ఒకటి, మరణముపై ఆశ మరియొకటి. ఘాతమునకు భయపడి వ్రతము పట్టుట మరణాశంస. అది సల్లేఖన కాదు. తండ్రిని విడువలేని మమకారముతో ఆయనను దూరనగరములకు ఈడ్చుట కుమారుని జీవితాశ. అది సేవ కాదు. కావున ముందుగా కావలసినది సత్యము. ఫలితమెంత, అపాయమెంత, తెలియనిదెంత అనునవి దాచక వైద్యుడు చెప్పవలెను. కుమారుడు తండ్రికి ఉన్నదున్నట్లు వినిపింపవలెను. ఘాతముల భయము తగ్గిన పిమ్మట తండ్రి మనస్సును మరల అడుగవలెను. కుటుంబమునకు అందరాని, ఫలము నిశ్చయము కాని చికిత్సను ప్రతీకారమని పేరు పెట్టి వృద్ధునిపై రుద్దరాదు. అందుబాటులోనున్నదానిని విచారింపకయే రోగము నిష్ప్రతీకారమనియు తీర్పరాదు.

అన్నియు తెలిసికొని, భయము లేని మనస్సుతో ఆయన చికిత్సను కోరినను ధర్మమే, వలదన్నను ధర్మమే. తెలియకుండ చేసిన నిర్ణయమే, అది ఏదైనను, ప్రమాదము.